ఒంటి గేరు బండి

అటకెక్కిన రేసు సైకిలు మళ్లీ రోడ్డెక్కాలంటే కొత్త సామాను పెద్దగా కొననక్కర్లేదు, ఉన్నది విప్పడమే ముఖ్యం. హైదరాబాద్ శివారులోని రావిర్యాల చుట్టుపక్కల ఆ పని ఎంతవరకు కుదురుతుంది, ఎక్కడ బెడిసికొడుతుంది?

రావిర్యాల దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు రెండంతస్తుల లోకం. పైన ఎనిమిది వరుసల దారి, గంటకు 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి. 158 కిలోమీటర్ల ఆ వలయం మీదికి సైకిలు మాట దేవుడెరుగు, మోటారు సైకిలును కూడా రానివ్వరు. కింద సర్వీసు రోడ్డు. ఎగ్జిట్ 13 దగ్గర దిగిన కార్లు వండర్‌లా వినోద పార్కు వైపు తిరుగుతుంటే, వాటికి అంచునే హ్యాండిలుకు టిఫిన్ డబ్బా తగిలించుకున్న కార్మికులు ఈ-సిటీ వైపూ హార్డ్‌వేర్ పార్కు వైపూ తొక్కుకుంటూ పోతారు. వాళ్లలో ఎక్కువమంది సైకిళ్లకు గేర్లు ఉండవు. ఉంటే బాగుండునని వాళ్లు అనుకుంటున్న దాఖలాలూ లేవు.

గేర్లున్న సైకిళ్లు అక్కడికి దగ్గర్లోనే ఉన్నాయి. తుక్కుగూడలో, ఆదిభట్లలో, శంషాబాద్‌లో లేచిన అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో, మెట్ల కింద, వాషింగ్ మెషిన్ వెనకాల. 2020 లాక్‌డౌన్ సడలగానే దేశమంతా సైకిళ్ల కోసం ఎగబడింది. ఆ ఏడాది మే నుంచి సెప్టెంబరు దాకా ఐదు నెలల్లో దాదాపు 42 లక్షల సైకిళ్లు అమ్ముడయ్యాయని అఖిల భారత సైకిలు తయారీదారుల సంఘం లెక్క చెప్పింది. చాలా దుకాణాల్లో సరుకు లేక జనం వారాల తరబడి ఎదురుచూశారు. అమ్ముడైనవాటిలో వంకీ హ్యాండిలు రేసు సైకిళ్లూ కొన్ని. అంతకు ముందు దశాబ్దంలో ఫైర్‌ఫాక్స్, మోంట్రా లాంటి పేర్లతో వచ్చినవి వాటికి అన్నలు. ఇప్పుడు ఆ అన్నదమ్ములందరిదీ ఒకటే జబ్బు. టైర్లు చదును, గేరు తీగ తుప్పు, మీట నొక్కితే చైను ఓ పక్కకు దూకి ఇంకో పక్కకు రానంటుంది.

అలాంటి బండిని ఏం చేయాలి? పాత ఇనుపసామాను బండికి వేయొచ్చు. నగరంలో పెద్ద దుకాణానికి తీసుకెళ్లి గేర్ల సెట్టు మొత్తం మార్పించొచ్చు, బిల్లు చూశాక కొత్త సైకిలే కొనాల్సిందని నాలుక కరుచుకోవచ్చు. మూడో దారి ఒకటుంది. గేర్లు పీకేయడం. ముందొక పళ్ల చక్రం, వెనకొక పళ్ల చక్రం, మధ్యలో చైను. రేసు ఫ్రేము తేలికదనం అలాగే ఉంటుంది, నడత మాత్రం పాలవాడి సైకిలుది అవుతుంది.

గేర్లు ఎందుకు చెడతాయో తెలిస్తే ఈ సలహాలో తిక్క కనిపించదు. వెనక చక్రం పక్కన వేలాడే డిరైలర్ పని చైనును ఒక పళ్ల చక్రం మీంచి పక్కదాని మీదికి తోయడం. పక్కపక్క చక్రాల మధ్య ఎడం నాలుగైదు మిల్లీమీటర్లే. ఆ పరికరాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న కొక్కెం రెండు మిల్లీమీటర్లు వంగినా లెక్క తప్పుతుంది. లిఫ్టు తలుపుకు ఒకసారి తగిలితే చాలు, వంగుతుంది. తీగ తొడుగులోకి దుమ్ము పోయినా అంతే. రావిర్యాల నుంచి కొంగర కలాన్ దాకా ఏ వైపు చూసినా ఏదో ఒకటి కడుతూనే ఉన్నారు. టిప్పర్లు ఎర్రమట్టినీ కంకర పొడినీ రోడ్డు మీద చల్లుకుంటూ పోతాయి. నూనె రాసిన చైనుకు ఆ పొడి అంటితే అది గరుకు కాగితంలా పళ్లను అరగదీస్తుంది. గేర్ల చైను సన్నం, వెనక పళ్ల చక్రాలు పల్చన, కాబట్టి అరుగుదల త్వరగా తెలుస్తుంది. గేర్లు లేని సైకిలు చైను కాస్త వెడల్పు, పళ్లు మందం. మట్టి దానికీ అంటుతుంది, కానీ అది ఓర్చుకుంటుంది.

ఇంకో కారణం ఉంది, అసలు కారణం అదే అనాలి. ఊరి పంక్చర్ దుకాణంలో ఉండే పానాలతో, సుత్తితో, అలవాటైన చేతులతో బాగయ్యే సైకిళ్లు ఒక జాతి. ప్రత్యేకమైన పనిముట్లు, విడిభాగాల సంఖ్యలు, ముందస్తు అపాయింట్‌మెంటు అడిగే సైకిళ్లు మరో జాతి. గేర్లు తీసేయడమంటే బండిని రెండో జాతి నుంచి మొదటి జాతికి దించడం. దించడం అనే మాట ఇక్కడ పొగడ్తే.

ఎత్తుపల్లాల లెక్క

గేర్లు లేకుండా ఈ నేల మీద తొక్కగలమా అన్నది మొదట వచ్చే అనుమానం. హుస్సేన్‌సాగర్ నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 513 మీటర్లు. శంషాబాద్ విమానాశ్రయం ఎత్తు 617 మీటర్లు. అంటే నగరం నడిబొడ్డు నుంచి విమానాశ్రయం దాకా ఇరవై కిలోమీటర్లకు పైగా వెళ్తే మొత్తం మీద ఎక్కేది వంద మీటర్లు. సగటున నూటికి అర మీటరు కూడా లేదు. మధ్యలో బండరాళ్ల గుట్టల పక్కన ఎక్కుడు దిగుడులు ఉంటాయి, ఫ్లైఓవర్లు ఉంటాయి, ఔటర్ కింద నుంచి పోయే అండర్‌పాస్‌లు ఉంటాయి. అవి లేచి నిలబడి తొక్కితే దాటే చిన్న మెట్టలు. దక్కను పీఠభూమి ఒంటి గేరుకు వీలైన నేలే. శ్రీశైలం రోడ్డు తుక్కుగూడ మీదుగానే పోతుంది కదా అని అదే బండి మీద నల్లమల ఘాట్ ఎక్కుదామనుకుంటే మాత్రం మోకాళ్లు ఊరుకోవు.

వీలని ఏనాడో తేల్చినవాళ్లు పాలవాళ్లు. 2023 అక్టోబరులో రావిర్యాలలో విజయ మెగా డెయిరీ మొదలైంది. 250 కోట్ల రూపాయలతో కట్టిన ఆ కర్మాగారానికి పాలు ఇప్పుడు ట్యాంకర్లలో వస్తాయి. అంతకు ముందు తరాల్లో నగరం చుట్టూ ఉన్న పల్లెల నుంచి ఇళ్లకు పాలు చేరింది క్యారియరుకు రెండు వైపులా క్యాన్లు వేలాడేసిన నల్ల సైకిళ్ల మీద. ఆ సైకిళ్లలో చాలావాటికి ముందు చైన్‌వీల్‌కు 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18. 28 అంగుళాల చక్రంతో ఆ లెక్క వేస్తే పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు బండి సుమారు ఐదున్నర మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు ఇరవై కిలోమీటర్లకు కాస్త తక్కువ. బరువుతో, ఎదురుగాలితో, రోజూ తొక్కేవాడి కాళ్లకు పట్టే నిష్పత్తి అది. ఆసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ, మద్రాసు అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిళ్ల తయారీకి దిగాయి. దశాబ్దాల పాటు ఆ నల్ల సైకిలు పోలికలు పెద్దగా మారలేదు. అద్దెకు గంటల లెక్కన సైకిళ్లిచ్చే టాక్సీ దుకాణాల్లోనూ ఇవే ఉండేవి. అట్లాస్ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం ఎవరూ రాయని వ్యంగ్యం.

డెస్‌గ్రాంజ్ పట్టుదల

గేరు లేకపోవడం పేదరికానికి గుర్తు అనుకునేవాళ్లు ఫ్రాన్స్ వైపు ఓసారి చూడాలి. 1903లో టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన పత్రికా సంపాదకుడు ఆన్రీ డెస్‌గ్రాంజ్‌కు గేర్లంటే పడేది కాదు. నలభై ఐదు దాటినవాళ్లకే అవి అవసరమని ఆయన 1902లోనే రాశాడు. ఆ పట్టుదల ఎంతటిదంటే 1937 దాకా ఆ పోటీలో డిరైలర్లకు అనుమతే రాలేదు. అప్పటి వీరులు వెనక చక్రానికి రెండు వైపులా రెండు వేర్వేరు పళ్ల చక్రాలు బిగించుకునేవారు. కొండ మొదట్లో దిగి, నట్లు విప్పి, చక్రాన్ని తిప్పి బిగించి, మళ్లీ ఎక్కేవారు. ఆల్ప్స్ పర్వతాల చలిలో గడ్డకట్టిన వేళ్లతో ఆ పని చేసినవాళ్లు డెస్‌గ్రాంజ్‌ను ఏమని తిట్టుకున్నారో గానీ, పోటీలు మాత్రం ముగించారు.

జపాన్‌లో 1948లో కొకురాలో మొదలైన కెయిరిన్ పందేలు ఈనాటికీ ఒకే గేరు సైకిళ్ల మీదే జరుగుతాయి. మన దగ్గర 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కట్టిన వెలోడ్రోమ్‌లో తిరిగే ట్రాక్ సైకిళ్లకూ గేర్లు ఉండవు, బ్రేకులూ ఉండవు. ఆ సైకిళ్లను నడివీధికి తెచ్చింది న్యూయార్క్‌లో కవర్లు చేరవేసే కొరియర్లు. రోజంతా తొక్కే బండికి చెడిపోయే భాగాలు ఎంత తక్కువైతే అంత మంచిదన్నది వాళ్ల లెక్క. వాళ్లలో ఒకడైన నెల్సన్ వేల్స్ 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో స్ప్రింట్‌లో రజతం గెలిచాడు. ఆ తరువాత అది ఫ్యాషన్ అయింది. ఫ్యాషన్‌తో పాటు బ్రేకులు పీకేసి నగరంలో తిరిగే తలబిరుసుతనమూ వచ్చింది. టిప్పర్లు తిరిగే సర్వీసు రోడ్డు మీద దాని అవసరం ఎంతమాత్రం లేదు. ఇక్కడ చెప్పేది తొక్కడం ఆపినా చక్రం తిరిగే ఫ్రీవీల్‌తో, ముందూ వెనకా రెండు బ్రేకులతో ఉండే బండి గురించి.

విప్పడం మొదలు

పానా పట్టే ముందు బండి వెనక భాగాన్ని నిదానంగా చూడాలి. వెనక ఇరుసు కూర్చునే గాడిని డ్రాపౌట్ అంటారు. పాత స్టీలు ఫ్రేముల్లో అది అడ్డంగానో, ఏటవాలుగానో ఉంటుంది. నట్టు వదులు చేసి చక్రాన్ని వెనక్కి లాగితే చైను బిగుస్తుంది, మన నల్ల సైకిళ్లలో లాగే. ఇలాంటి గాడి ఉంటే సగం పని అయినట్టే. కొత్తవాటిలో గాడి నిట్టనిలువుగా ఉంటుంది, చక్రాన్ని వెనక్కి జరపడానికి చోటు ఉండదు. అప్పుడు చైనును బిగువుగా ఉంచే స్ప్రింగు బిగింపు ఒకటి విడిగా కావాలి. కొనడం దండగ అనుకునేవాళ్లకు ఒక ఉపాయం ఉంది. తీసేద్దామనుకున్న పాత వెనక డిరైలర్‌నే వదిలేసి, తీగ తీసేసి, దాని స్క్రూను తిప్పి ఒకే పళ్ల చక్రం కిందికి నిలిపితే అదే బిగింపుగా పనికొస్తుంది. చూడటానికి అంత సొగసుగా ఉండదు, పైగా వంగే కొక్కెం అక్కడే ఉండిపోతుంది. మొదటి నెలలకు మాత్రం చాలు.

తరువాత చూడాల్సింది చక్రం నడిమి భాగం, అంటే హబ్. ఇక్కడే పాత బండి కొత్తదాన్ని ఓడిస్తుంది. పాతవాటిలో, చవక గేర్ల సైకిళ్లలో వెనక పళ్ల చక్రాల గుత్తి హబ్ మీద మరతో బిగుసుకుని ఉంటుంది. ఆ మర కొలతా, ఊరి దుకాణంలో డబ్బాల్లో దొరికే మామూలు ఫ్రీవీల్ మర కొలతా దాదాపు ఒకటే. గుత్తిని విప్పి, 16 పళ్లదో 18 పళ్లదో ఫ్రీవీల్ చేతితో తిప్పి ఎక్కిస్తే ఎక్కుతుంది. విడిభాగాల సంస్థ షిమానో 1978లో తెచ్చిన, ఫ్రీవీల్ హబ్‌లోనే ఇమిడి ఉండే ఫ్రీహబ్ పద్ధతి ఉన్న చక్రాలకు ఈ సౌకర్యం లేదు. వాటిలో ఒక పళ్ల చక్రాన్ని ఉంచి, మిగతా ఖాళీని రింగులతో నింపాలి. ఆ రింగులు పాత గుత్తిని విప్పితే అందులోనే దొరుకుతాయి. కొందరు పీవీసీ పైపు ముక్కలు కోసి కూడా సరిపెడతారు. బండి నడుస్తుంది, కానీ రేపు ఆ పళ్ల చక్రం అరిగితే తుక్కుగూడ కూడలిలో దొరకదు.

పాత గుత్తిని విప్పడం ఈ మొత్తం వ్యవహారంలో మొండి పని. ఏళ్ల తరబడి తొక్కిన ప్రతి తొక్కుడూ దాన్ని ఇంకొంచెం బిగించింది. దానికని ఒక రిమూవర్ ఉంటుంది, అది గుత్తి లోపలి గాళ్లలో పట్టాలి. పానాతో ఎంత వేలాడినా కదలకపోతే తిరగేసి ఆలోచించాలి. రిమూవర్‌ను బల్లకు బిగించిన వైస్‌లో పట్టించి, దాని మీద చక్రాన్ని పడుకోబెట్టి, రిమ్మును బస్సు స్టీరింగులా రెండు చేతులా పట్టి ఎడమకు తిప్పాలి. రిమ్ము అంత వెడల్పున చేతులు పడితే ఎంతటి తుప్పైనా లొంగుతుంది. చక్రం పుల్లలు కోసేసి కొత్త హబ్ వేద్దామనుకునేవాళ్లు కూడా గుత్తి విప్పాకే కోయాలి. ముందే కోస్తే పట్టుకోవడానికి రిమ్ము ఉండదు, గుత్తి హబ్‌తోనే చెత్తలోకి పోతుంది.

ఇక చైను గీత. పైనుంచి చూస్తే ముందు పళ్ల చక్రం, వెనక పళ్ల చక్రం ఒకే సరళరేఖలో ఉండాలి. గేర్ల చైను పక్కకు వంగేలా తయారైంది కాబట్టి ఓర్చుకుంటుంది. ఒంటి గేరు వెడల్పు చైను ఓర్చుకోదు, మొదట చప్పుడు చేస్తుంది, తరువాత ఊడిపోతుంది. లారీ వెనకాల వస్తున్నప్పుడే ఊడుతుందని సైకిలు తొక్కేవాళ్లందరి నమ్మకం. ముందున్న రెండు రింగుల్లో పెద్దది తీసేసి చిన్నదాన్ని లోపలి స్థానంలో ఉంచితే చాలాసార్లు గీత కుదురుతుంది. రెండు రింగులకు వేసిన బోల్టులు ఒక్కదానికి పొడుగవుతాయి, పొట్టివి వేయాలి, లేదా వాషర్లు. అప్పటికీ కుదరకపోతే వెనక ఇరుసు మీద కుడి వైపున్న వాషర్లు కొన్ని ఎడమకు మార్చి, ఎడమ పుల్లలు బిగించి, కుడి పుల్లలు వదులు చేసి రిమ్మును మళ్లీ నడిమికి తేవాలి. ఇది అనుభవం ఉన్న మెకానిక్ చేయాల్సిన పని. దీని వల్ల ఒక లాభం కూడా ఉంది. గేర్ల చక్రంలో కుడి పుల్లలు విపరీతమైన బిగువులో, ఎడమవి దాదాపు వదులుగా ఉంటాయి. అందుకే అవి తరచూ తెగుతాయి. రెండు వైపులా బిగువు సమానమైతే అదే చక్రం గతుకులకు ఎక్కువ ఆగుతుంది.

పళ్ల నిష్పత్తి మీద సైకిలు తొక్కేవాళ్లు గంటలు వాదించుకుంటారు. రావిర్యాల నుంచి శంషాబాద్ వైపు పనికి పోయేవాళ్లకు వాదన అక్కర్లేదు. ముందు 42, వెనక 18 పెడితే 28 మిల్లీమీటర్ల టైరుతో పెడల్ చుట్టుకు సుమారు ఐదు మీటర్లు. నిమిషానికి 75 చుట్ల తీరిక తొక్కుడులో గంటకు 22 కిలోమీటర్ల పైచిలుకు. పది కిలోమీటర్లు అరగంటలోపే. వెనక 16 పెడితే చుట్టుకు ఐదున్నర మీటర్లు దాటుతుంది, అంటే పాలవాడి సైకిలు లెక్కకు అటూ ఇటూగా. కాళ్లలో సత్తువ ఉండి, వీపు మీద సంచి లేనివాళ్లకు అది బాగుంటుంది. మొదటిసారి మార్చుకునేవాళ్లు 18తో మొదలుపెట్టడమే తెలివి. ఎర్రదీపం దగ్గర ఆగిన ప్రతిసారీ మళ్లీ కదలాలి కదా. ఫ్రీవీల్ ధర వందల్లోనే ఉంటుంది కాబట్టి తరువాత మార్చుకున్నా నష్టం లేదు.

ఊరి దుకాణంలోని ఫ్రీవీల్ పళ్లు మందం కాబట్టి చైను కూడా అక్కడే దొరికే వెడల్పు రకమే వేయాలి. పాత గేర్ల చైను వాటి మీద కూర్చోదు. చైను మరీ బిగించకూడదు. మధ్యలో వేలితో ఎత్తితే ఓ సెంటీమీటరు ఆడాలి. మొదటి వారం తొక్కాక ఫ్రీవీల్ మర ఇంకాస్త బిగుసుకుంటుంది, చైను కొంచెం సాగినట్టు అవుతుంది. నట్లు వదులు చేసి, చక్రం లాగి మళ్లీ బిగించుకోవాలి. వెనక చక్రానికి మీట తిప్పి బిగించే క్విక్ రిలీజ్ ఉంటే, అడ్డగాడిలో అది జారే ప్రమాదం ఉంది. మామూలు నట్లుండే ఇరుసు వేయించుకుంటే ఆ బాధ ఉండదు, చక్రం దొంగల పనీ కాస్త కష్టమవుతుంది.

ఎంత మార్చినా ఊరి దుకాణం తీర్చలేని కొరత ఒకటి మిగులుతుంది, టైరు. పేరుకు రెండూ 28 అంగుళాలే. రేసు సైకిలు రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 622 మిల్లీమీటర్లు, నల్ల సైకిలుది 635. ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. వాల్వూ వేరే. రేసు చక్రాలకు వచ్చే సన్నటి ప్రెస్టా వాల్వుకు మామూలు గాలి పంపు పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో ఉండాలి. రిమ్ములో రంధ్రం పెద్దదైతే, మోటారు సైకిళ్లకుండే రకం వాల్వున్న ట్యూబు వేసుకోవడం మేలు. అప్పుడు ఏ పెట్రోలు బంకులోనైనా గాలి దొరుకుతుంది. విడి ట్యూబు ఒకటి సీటు కింద కట్టుకోవాల్సిందే. శంషాబాద్ డెకాథ్లాన్ లాంటి దుకాణాల అవసరం ఇక టైర్లకూ ట్యూబులకే పరిమితం.

ఫ్రేములో చోటుంటే 23 మిల్లీమీటర్ల టైర్లు తీసి 28వి వేయాలి. కంకర తేలిన సర్వీసు రోడ్డు మీద ఈ ఒక్క మార్పు గేర్లు తీయడం కంటే ఎక్కువ సుఖమిస్తుంది. వంకీ హ్యాండిలు వద్దనుకుని తిన్నని హ్యాండిలు వేసేవాళ్లు బ్రేకు మీటల విషయంలో జాగ్రత్తపడాలి. కొండ సైకిళ్ల వీ-బ్రేకుల మీటలు తీగను ఎక్కువ లాగుతాయి, రేసు సైకిలు బ్రేకులకు తక్కువ లాగే మీటలు కావాలి. కలిపి బిగిస్తే నొక్కుడు గట్టిగానే తోస్తుంది కానీ బండి అనుకున్నచోట ఆగదు. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు మడ్‌గార్డులు వేయించుకోకపోతే ఎర్రమట్టి చార వీపు మీద ఆఫీసు దాకా వస్తుంది.

కొన్నింటి జోలికి పోకూడదు. కార్బన్ ఫ్రేములకు పగులు వచ్చిందేమో కంటికి తెలియకపోవచ్చు, పాతబడినదాన్ని రోజువారీ మోతకు పెట్టడం వివేకం కాదు. గేర్లు ఇంకా శుభ్రంగా పనిచేస్తున్న మంచి రేసు సైకిలును ఒంటి గేరు చేయడమూ దుబారాయే, అమ్మి ఇంకోటి కొనుక్కోవచ్చు. మోకాలి నొప్పులున్నవాళ్లకు గేర్లు మందు లాంటివి, తీసేయకూడదు.

దారి మాటేమిటి?

బండి సిద్ధమయ్యాక అసలు చిక్కు వస్తుంది. హైదరాబాద్‌లో సైకిలుకంటూ కట్టిన గొప్ప దారి ఒకటుంది. ఔటర్ పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు మధ్య 23 కిలోమీటర్ల ట్రాక్, పైన 16 మెగావాట్ల సౌర పలకల కప్పు. 2023 అక్టోబరు 1న తెరిచారు. ఎండా వానా తగలకుండా తొక్కొచ్చు. అయితే అది నగరానికి పడమటి అంచున ఉంది. పొద్దున్నే కారు వెనక సైకిలు కట్టుకుని వచ్చి తొక్కి వెళ్లేవాళ్లకు అది వరం. రావిర్యాలలో రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోయేవాడికి దానితో పని లేదు. కర్మాగారాలున్న వైపు ట్రాక్ లేదు, ట్రాక్ ఉన్న వైపు సైకిలు మీద పనికి పోయేవాళ్లు తక్కువ. ఎక్కడ కట్టాలో నిర్ణయించినవాళ్లు సైకిలును వ్యాయామంగా చూశారు తప్ప ప్రయాణంగా చూడలేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మరో అవకాశం రావిర్యాలకే వస్తోంది. ఇక్కడి ఔటర్ కూడలి నుంచి ఆమనగల్లు వైపు, ప్రభుత్వం తలపెట్టిన ఫ్యూచర్ సిటీ మీదుగా రతన్ టాటా పేరుతో వంద మీటర్ల వెడల్పు రోడ్డుకు 2025 సెప్టెంబరు 28న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. నలభై కిలోమీటర్లు దాటే దారి అది. అంత వెడల్పులో రెండు వైపులా రెండేసి మీటర్లు సైకిలుకు విడదీయడం ఇంజినీర్లకు కష్టమేమీ కాదు. సౌర కప్పు లేకపోయినా పరవాలేదు. లారీలు ఎక్కకుండా ఒక కాంక్రీటు గట్టు, చీకటి పడ్డాక వెలిగే దీపాలు ఉంటే చాలు. పారిశ్రామికవాడల గేట్ల దాకా ఆ గట్టు వెళ్తే హ్యాండిలుకు టిఫిన్ డబ్బా తగిలించినవాళ్లూ, గేర్లు పీకించుకుని కొత్తగా రోడ్డెక్కినవాళ్లూ ఒకే వరసలో పోవచ్చు.

అది వచ్చేదాకా సర్వీసు రోడ్డే గతి. ఎడమ అంచున మట్టి పేరుకుని ఉంటుంది, అక్కడ టైరు జారుతుంది. అందుకని అంచు నుంచి ఒక మీటరు లోపలికే తొక్కాలి. ఎగ్జిట్ ర్యాంపులు కలిసేచోట పైనుంచి దిగే కార్ల వేగం ఇంకా తగ్గి ఉండదు, కాబట్టి దాటే ముందు ఆగి చూడాలి. చీకటి పడితే వెనక ఎర్రదీపం, ముందు తెల్లదీపం తప్పనిసరి. గేరు మీటలు తీసేశాక హ్యాండిలు మీద ఖాళీ అయిన చోటు ఆ తెల్లదీపానికీ గంటకూ సరిగ్గా సరిపోతుంది.